పెద్ద కంపెనీ గంజాయి: తేడా వచ్చేది ఆరబెట్టే గదిలో

హైదరాబాద్‌లో క్వాలిటీ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి వెళ్తే, నిన్నటి బ్యాచ్‌కీ ఇవాళ్టి బ్యాచ్‌కీ వెంట్రుకవాసి తేడా లేకపోవడమే క్వాలిటీ. తేడా వస్తే బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేస్తారు. పాతబస్తీలో పెళ్ళి బిర్యానీ వండే వస్తాద్ దగ్గర అది పనికిరాదు. ఇవాళ మాంసం కాస్త ముదురు, దమ్ము ఇంకో పది నిమిషాలు ఉండాలి అని మూత దగ్గర ఆవిరి చూసి చెప్పగలగడమే అక్కడ క్వాలిటీ. గంజాయిని చట్టబద్ధం చేసిన దేశాల్లో చాలా ఏళ్ళుగా ఒక గొడవ నలుగుతోంది: ఎకరాలకెకరాలు గాజు కప్పు కింద పెంచే కంపెనీల సరుకు, చిన్న షెడ్డులో వంద మొక్కలు పెంచేవాడి సరుకుతో సరితూగుతుందా అని. ఆ గొడవలో సగం ఈ రెండు అర్థాలూ కలగాపులగం అవడం వల్ల వచ్చిందే.

ముందే ఒక మాట. మన దగ్గర ఇది ఎవరూ ప్రయోగం చేసి తేల్చుకునే విషయం కాదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద గంజాయి పెంచడం, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం అన్నీ నేరాలే. కిలో లోపు దొరికినా ఏడాది దాకా జైలు పడొచ్చు, 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు. అయినా ఈ ప్రశ్న మనకు పూర్తిగా పరాయిదేమీ కాదు. ఉత్తరాఖండ్ 2018లోనే నార కోసం, గింజల కోసం మత్తు తక్కువుండే రకాల సాగుకు దారి తెరిచింది, హిమాచల్ కూడా ఆ బాటలోనే ఉంది. కెనడాలో బ్రాంప్టన్‌లోనో స్కార్‌బరోలోనో ఉంటున్న మన పిల్లలకైతే ఇంటి పక్క సందులోనే లైసెన్సు ఉన్న దుకాణం కనబడుతోంది.

కథ బాగా ముదిరింది కెనడాలో. 2018 అక్టోబర్ 17న అక్కడ గంజాయి అమ్మకం చట్టబద్ధమైంది. దానికి రెండు నెలల ముందే, ఆగస్టులో, అమెరికాలో బీరు, వైన్ వ్యాపారం చేసే కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే కంపెనీ కెనొపీ గ్రోత్ అనే గంజాయి కంపెనీలో 500 కోట్ల కెనడా డాలర్లు పెడతానని ప్రకటించింది. కెనొపీ గ్రోత్ ప్రధాన కేంద్రం ఒంటారియోలోని స్మిత్స్ ఫాల్స్‌లో, ఒకప్పటి హెర్షీ చాక్లెట్ ఫ్యాక్టరీలో ఉండేది. మరో పెద్ద కంపెనీ అరోరా, ఎడ్మంటన్ విమానాశ్రయం పక్కన 8 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్ కట్టింది. ఆ రోజుల్లో షేర్ మార్కెట్ ఈ కంపెనీలను తూచింది ఏడాదికి ఎన్ని కిలోలు పండించగలరు అనే ఒక్క లెక్కతో. రుచి, వాసన, ఆరబెట్టే తీరు గురించి అడిగిన ఇన్వెస్టర్ దాదాపు లేడు. అంటే ఈ కంపెనీల మొదటి కస్టమర్ గంజాయి తాగేవాడు కాదు, షేర్లు కొనేవాడు. వాడికి కావాల్సింది కిలోలు, కిలోలు వచ్చాయి.

తర్వాత జరిగింది తెలిసిందే. సరుకు గుట్టలు పడింది, అమ్ముడుపోలేదు. 2020 మార్చిలో కెనొపీ బ్రిటిష్ కొలంబియాలో దాదాపు 30 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్‌లు మూసేసింది. అరోరా వాళ్ళ భారీ గ్రీన్‌హౌస్ కొన్నాళ్ళకు ఆర్కిడ్ పూలకు, కూరగాయల నారుకు మళ్ళింది. 2023లో స్మిత్స్ ఫాల్స్ భవనాన్ని మళ్ళీ హెర్షీయే కొనుక్కుంది. చాక్లెట్ ఫ్యాక్టరీ ఒక చుట్టు తిరిగి చాక్లెట్ కంపెనీ చేతికే వచ్చింది.

దీన్ని చూపించి పెద్ద కంపెనీకి గంజాయి పండించడం చేతకాదు అనేవాళ్ళు చాలామంది. అది నిజం కాదు, కనీసం మొక్క వరకూ నిజం కాదు.

మొక్క ఏం చేస్తుందో చూస్తే ఎందుకో తెలుస్తుంది. గంజాయిలో సరుకంతా ఆడమొక్క పూగుత్తుల మీద ఉండే జిగురు నూగులో ఉంటుంది. భూతద్దం కింద చూస్తే చిన్న చిన్న గాజు పుట్టగొడుగుల్లా కనబడతాయి, వాటినే ట్రైకోములు అంటారు. మత్తునిచ్చే టీహెచ్‌సీ, మత్తులేని సీబీడీ, వాసనలనిచ్చే టెర్పీన్లు అన్నీ అందులోనే తయారవుతాయి. ఈ టెర్పీన్లు మన వంటింటికి కొత్తవేం కాదు. మామిడి వాసనలో ఉండే మిర్సీన్, నిమ్మ, నారింజ తొక్కలోని లిమొనీన్, ధనియాల్లోని లినలూల్, మిరియాల్లోని కారియోఫిలీన్ ఇక్కడా ఉంటాయి. వాటి పాళ్ళు మారితే రకం మారినట్టే. ధనియాలు దంచి డబ్బా మూత తీసి నెల రోజులు వదిలేస్తే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు: పొడి అలాగే ఉంటుంది, వాసన పోతుంది. గంజాయి నాణ్యత గొడవంతా ఆ పోయే వాసన గురించే.

పెంచే దశలో పెద్దవాళ్ళకు ఉన్న సౌకర్యాలు చిన్నవాళ్ళకు లేవు. వెలుతురు, తేమ, కార్బన్ డయాక్సైడ్, ఎరువు అన్నీ సెన్సర్లతో నడుస్తాయి. ఒక కొత్త రకం కోసం ఐదొందల గింజలు మొలిపించి అందులో ఒక్క మొక్కను ఎంచుకుని, మిగతావి పారేయగల స్తోమత వాళ్ళకుంది. షెడ్డులో పెంచేవాడు ఇరవై గింజలతో సరిపెట్టుకోవాలి. పెద్దవాళ్ళకు ఇక్కడ ఉన్న అసలు ప్రమాదం జబ్బులు. తల్లిమొక్క నుంచి కొమ్మలు కోసి నాటుతారు కాబట్టి హాప్ లేటెంట్ వైరాయిడ్ (వైరస్ కంటే చిన్న రోగకారి) లాంటిది ఒక్క కత్తెరతో వేల మొక్కలకు పాకుతుంది, మొక్క చావదు, కానీ జిగురు పట్టడం తగ్గిపోతుంది. బూడిద తెగులు, పూత కుళ్ళు కూడా అంతే, గది ఎంత పెద్దదైతే నష్టం అంత పెద్దది. అయినా ఇవి జాగ్రత్తతో, డబ్బుతో దాటగలిగేవే. కోత రోజున పెద్ద గ్రీన్‌హౌస్‌లో మంచి గదిలోంచి తీసిన మొక్కనూ, చిన్న రైతు మంచి మొక్కనూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో చెప్పడం చాలాసార్లు కష్టం.

కోత మర్నాటి నుంచి మొదలవుతుంది అసలు కథ.

ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు వేసే రైతును ఎవరినైనా అడగండి, పంట పొలంలో సగమే అవుతుంది, మిగతా సగం ఆకు కాల్చే బ్యారన్ గదిలో అవుతుంది అంటాడు. ఆకు పండబెట్టడం, రంగు నిలపడం, ఆకు ఆర్చడం, ఈనె ఆర్చడం, ఐదారు రోజుల పాటు వేడి డిగ్రీ డిగ్రీ పెంచుకుంటూ, అర్ధరాత్రి లేచి వెళ్ళి చూసుకుంటూ చేసే పని. ఒక్క రాత్రి తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానో నల్లగానో తేలి, వేలంలో గ్రేడు పడిపోతుంది. గంజాయిది ఇంకా నిదానం వ్యవహారం, పైగా అక్కడ వేడి పనికిరాదు. 15 నుంచి 20 డిగ్రీల మధ్య, తేమ 55, 60 శాతం దగ్గర, చీకట్లో పది నుంచి పద్నాలుగు రోజులు వేలాడదీయాలి. తర్వాత గాజు సీసాల్లో పెట్టి, రోజూ మూత తీసి ఊపిరి పోయిస్తూ కనీసం రెండు వారాలు, ఓపికున్నవాడైతే రెండు నెలలు మాగబెట్టాలి. అప్పటికి పచ్చిదనం పోయి, గొంతులో గరుకు తగ్గి, అసలు వాసన పైకి తేలుతుంది. తొందరపడి వేడిగాలి పెడితే తేలిగ్గా ఎగిరిపోయే టెర్పీన్లు ముందే పోతాయి, లోపల పచ్చిదనం మాత్రం ఉండిపోతుంది, మూత తీయగానే ఎండుగడ్డి వాసన కొడుతుంది. కంపెనీ సరుకు మీద కెనడాలో మొదటి రెండు మూడేళ్ళు వినబడిన ఫిర్యాదు సరిగ్గా అదే: గడ్డి వాసన, చేత్తో నలిపితే పొడి పొడి.

పెద్ద గదిలో ఇది ఎందుకు కష్టమో ఒక చిన్న లెక్క చాలు. ఒక కోతకు రెండు టన్నుల పచ్చి సరుకు వచ్చిందనుకుందాం. అందులో నాలుగింట మూడు వంతులకు పైగా నీళ్ళే. అంటే సుమారు 1,500 లీటర్ల నీళ్ళు, అపార్ట్‌మెంట్ మిద్దె మీద కనిపించే నల్ల ట్యాంకుకు ఒకటిన్నర రెట్లు, ఆ పది పన్నెండు రోజుల్లో మొక్కలోంచి గది గాలిలోకి, గదిలోంచి బయటికి పోవాలి. అదీ రోజూ సమానంగా రావు, మొదటి మూడు నాలుగు రోజుల్లోనే ఎక్కువ భాగం దిగుతుంది. ఏసీ దగ్గర వేలాడే వరస ఐదో రోజుకే పెళపెళలాడుతుంటే, మూలన ఉన్న వరస ఇంకా తడిగా, బూజుకు సిద్ధంగా ఉంటుంది. గోడ మీద తేమ చూపించే మీటర్ మాత్రం నిక్షేపంగా 58 చూపిస్తుంటుంది. చిన్న గదిలో ఉండేవాడు కాడ విరిచి చూస్తాడు. టక్కున విరగాలి, కానీ పూర్తిగా తెగకుండా నార పట్టుకుని ఉండాలి. వంద మొక్కలకు ఆ పని ఒక మనిషి చేయగలడు, పదివేల మొక్కలకు అలాంటి మనుషులు వంద మంది కావాలి. జీతాల పట్టికలో ఆ వంద మందికి చోటుండదు.

దీన్ని ఇంజినీరింగ్‌తో దాటలేరా అంటే దాటొచ్చు. ఒక్క పెద్ద హాలు బదులు ఇరవై చిన్న గదులు కట్టి, ఒక్కో గదికి వేరే ఏసీ, వేరే డీహ్యూమిడిఫైయర్ పెట్టి, ఒక్కో గదికి ఒక బాధ్యుణ్ణి పెడితే చిన్న రైతు పద్ధతే ఇరవైసార్లు నడిచినట్టు. కొన్ని కంపెనీలు అటే వెళ్ళాయి. అసలు అడ్డం క్యాలెండర్. పెద్ద ఫ్యాక్టరీలో వారం వారం ఒక కోత వస్తుంది, పన్నెండో రోజుకు ఆ గది ఖాళీ కావాలి, ఎందుకంటే వెనక ఇంకో లోడు గుమ్మంలో ఉంది. సరుకు ఇంకో రెండు రోజులు అడుగుతోందని ఆరబెట్టేవాడికి తెలిసినా, మాట అకౌంట్స్ వాళ్ళదే నెగ్గుతుంది. చిన్నవాడికి క్యాలెండర్ ఉంది, కాకపోతే అది వాడి చేతిలో ఉంది.

ఆ తర్వాత మిషన్ కత్తిరింపు. డ్రమ్ములో వేసి తిప్పితే ఆకులు పోతాయి, వాటితోపాటు పైన ఉన్న నూగూ రాలుతుంది. చేత్తో కత్తిరిస్తే రాలదని కాదు, తక్కువ రాలుతుంది. దాని తర్వాత సూక్ష్మజీవుల పరీక్ష. అందులో తప్పకూడదని కెనడాలో చాలా కంపెనీలు సరుకును రేడియేషన్‌తో శుద్ధి చేస్తాయి. నెదర్లాండ్స్ మెడికల్ గంజాయి మీద 2016లో అచ్చయిన పరిశోధన ప్రకారం దానివల్ల టీహెచ్‌సీ మారదు, కొన్ని టెర్పీన్లు మాత్రం తగ్గుతాయి. చివరగా ప్యాకెట్. కెనడాలో చాలా రాష్ట్రాల్లో హోల్‌సేల్ ప్రభుత్వం చేతిలో ఉంది కాబట్టి సరుకు కంపెనీ గోదాము, సర్కారు గోదాము, దుకాణం షెల్ఫ్ తిరిగి కొనేవాడి చేతికి చేరేసరికి నెలలు పట్టడం మామూలే. ధనియాల పొడి డబ్బా మళ్ళీ గుర్తు చేసుకోండి.

ఇంకో చిక్కు ప్యాకెట్ మీద అంకెతో వచ్చింది. జనం టీహెచ్‌సీ శాతం చూసి కొంటారు. 30 అని రాసున్నది ముందు పోతుంది, 18 అని రాసున్నది, ఎంత సువాసన ఉన్నా, షెల్ఫ్ మీదే కూర్చుంటుంది. దుకాణంలో ప్యాకెట్ విప్పి వాసన చూడనివ్వరు కదా, అంకె తప్ప ఇంకేం చూస్తారు పాపం. దాంతో పెంచేవాళ్ళు అంకె కోసం పెంచడం మొదలెట్టారు, అమెరికాలో ఎక్కువ అంకె ఇచ్చే ల్యాబ్‌ల కోసం వెతకడం కూడా మొదలైంది. బియ్యాన్ని పొడవు చూసే కొంటాం అంటే ఎవరైనా పొడవు బియ్యమే పండిస్తారు, అన్నం రుచి ఎవడడిగాడు?

ఇక్కడిదాకా చదివితే చిన్నవాడే గొప్ప అన్నట్టు ఉంటుంది. కాదు. చిన్నతనం ఒక్కటే నాణ్యత తెచ్చేదైతే, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో కొండల మీద పండే శీలావతి రకం ప్రపంచంలోకెల్లా శ్రద్ధగా తయారైన సరుకు అయి ఉండాలి. అక్కడ పెంచేవాళ్ళంతా అర ఎకరం, ఎకరం గిరిజన రైతులే. పెట్టుబడి దళారిది, ధర దళారిది. రంపచోడవరం, సీలేరు వైపు నుంచి హైదరాబాద్ మీదుగా మహారాష్ట్ర పోతూ పట్టుబడే సరుకు ఎలా ఉంటుందో పేపర్లో ఫొటో చూసినవాళ్ళకు తెలుసు: రెండేసి కిలోల దిమ్మలుగా కుదించి, బ్రౌన్ టేపు బిగించి చుట్టి, కొబ్బరిబోండాల కిందో లారీ అడుగున చేయించిన రహస్య అరలోనో పేర్చి ఉంటుంది. సరిగ్గా ఆరకముందే నొక్కేస్తారు, ఎందుకంటే ఆరబెట్టడానికి రోజులు పడితే ఎవరో ఒకరి కంటపడుతుంది. గింజ, కాడ, ఆకు అన్నీ కలిపే తూకం, ఎందుకంటే డబ్బు తూకానికే. నొక్కుడులో ట్రైకోములు నలిగి, తడికి బూజు పట్టి, ధూల్‌పేటలో చిన్న పొట్లమయ్యేసరికి అందులో ఆ కొండ మట్టి ఇచ్చింది ఏమీ మిగలదు. 2021 చివర్లో ఆంధ్రా పోలీసులు పరివర్తన్ పేరుతో 7,500 ఎకరాలకు పైగా తోటలు ధ్వంసం చేశామని ప్రకటించారు. అన్ని ఎకరాల్లో పెద్ద కంపెనీ ఒక్కటీ లేదు, నాణ్యత గురించి అడిగినవాడూ లేడు.

ఇప్పుడు శంషాబాద్‌లో బ్యాంకాక్ విమానాల్లోంచి దిగినవాళ్ళ దగ్గర పట్టుబడుతున్న ‘హైడ్రోపోనిక్’ సరుకుదీ ఇలాంటి భ్రమే. థాయిలాండ్ 2022 జూన్‌లో ఆంక్షలు ఎత్తేసి, 2025 జూన్‌లో మళ్ళీ డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది. ఈ మధ్యలో అక్కడ సరుకు విపరీతంగా పెరిగింది. సిటీలో ఆ మాటను ఒక నాణ్యత ముద్రలా వాడుతున్నారు, పదింతల ధర పెడుతున్నారు. హైడ్రోపోనిక్ అంటే మట్టి లేకుండా నీళ్ళలో కరిగిన పోషకాలతో పెంచడం, అంతే. టమాటా కూడా అలా పెంచుతారు. ఎలా ఆరబెట్టారో, ఏ మందు కొట్టారో ఆ మాట చెప్పదు. చట్టం ఉన్నచోటే ఈ మందుల గొడవ పూర్తిగా తీరలేదు, 2024లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పరీక్షలు చేయిస్తే కాలిఫోర్నియాలో లైసెన్సు దుకాణాల సరుకులోనే పురుగుమందులు బయటపడ్డాయి. మరి సూట్‌కేసులో వచ్చినదాన్ని ఎవరు పరీక్షించారు?

చిన్న రైతూ పెద్ద వ్యవస్థా కలిసి పనిచేసిన ఉదాహరణ వెతికితే అది మన ఉపఖండంలోనే, బ్రిటిష్ కాలంలో దొరుకుతుంది. 1893-94లో గంజాయి వాడకం మీద బ్రిటిష్ ప్రభుత్వం వేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ దేశమంతా తిరిగి రాసిన నివేదికలో బెంగాల్‌లోని నౌగావ్ (ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది) సాగు గురించి చాలా వివరంగా ఉంది. అక్కడ ‘గంజాయి డాక్టర్’ అని పిలిచే మనిషి ఒకడుండేవాడు, పోద్దార్ అనేవాళ్ళు. పూత వచ్చే ముందు పొలం వరస వరసా నడుస్తూ మగమొక్కలను గుర్తుపట్టి విరిచేయడం వాడి పని, ఎందుకంటే ఆడమొక్కకు గింజ పడితే జిగురు తగ్గుతుంది. కోశాక పాదాలతో తొక్కి చేసేది చదును రకం, చుట్టేది గుండ్రటి రకం, రాలినది చూరా, మూడింటికి మూడు ధరలు. రైతులు చిన్నవాళ్ళు, గోదాము సర్కారుది, 1917లో అక్కడ రైతులకు సహకార సంఘం కూడా ఏర్పడింది. అంటే ఆరబెట్టే చెయ్యి చిన్నదే, అమ్మే చెయ్యి పెద్దది, మధ్యలో గ్రేడు చూసి డబ్బిచ్చే మనిషి ఉన్నాడు. ఒంగోలు పొగాకు ఇవాళ్టికీ దాదాపు అలాగే నడుస్తోంది.

అచ్చం ఫ్యాక్టరీ గెలిచే చోటు కూడా ఉంది, అది మందుల వైపు. ఇంగ్లండ్‌లో విసింగ్టన్ అనే ఊళ్ళో బ్రిటిష్ షుగర్ కంపెనీకి 18 హెక్టార్ల గ్రీన్‌హౌస్ ఉంది. టమాటాలు పండించేవాళ్ళు, 2017 నుంచి జీడబ్ల్యూ ఫార్మా కోసం గంజాయికి మళ్ళారు. అందులోంచి తీసిన సీబీడీతో చేసిన ఎపిడియోలెక్స్‌కు, పిల్లల్లో వచ్చే అరుదైన, మొండి మూర్ఛల కోసం, 2018 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మూర్ఛ ఉన్న పిల్లాడికి పోసే మందులో ఈ సీసాకూ ఆ సీసాకూ తేడా ఉండకూడదు. అక్కడ వస్తాద్ పనికిరాడు, జీడిమెట్ల మనిషి కావాలి. నూనెలు, మాత్రలు, వేప్‌లు, తినుబండారాలు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. మొక్కలోంచి రసాయనం తీసి కొలిచి కలిపే సరుకులో చిన్నవాడు కంపెనీతో ఎన్నడూ పోటీపడలేడు, పడాల్సిన పనీ లేదు.

మిగిలింది పువ్వు. అందులో చిన్నవాడి సరుకు మెరుగ్గా ఉన్నచోట కూడా వాడు బతికి బట్టకడుతున్నాడా అన్నది వేరే ప్రశ్న. కాలిఫోర్నియాలో 2016 నాటి ప్రజాభిప్రాయ చట్టం పెద్ద లైసెన్సులను 2023 దాకా ఆపి ఉంచింది, హంబోల్ట్, మెండోసినో కొండల్లోని పాత రైతులు నిలదొక్కుకోవాలని. కానీ పదేసి వేల చదరపు అడుగుల చిన్న లైసెన్సులు ఒకే మనిషి ఎన్నైనా తీసుకోవచ్చని రూల్స్‌లో వదిలేశారు. ఇంకేముంది, చిన్న లైసెన్సులు దొంతరలు పేర్చి పెద్ద తోటలు లేచాయి. కమరియోలో గ్లాస్ హౌస్ అనే కంపెనీ టమాటా, దోస పండిన 55 లక్షల చదరపు అడుగుల గ్రీన్‌హౌస్‌ను 2021లో కొంది. ఎండ ఆకాశం ఇస్తుంది, చల్లగాలి సముద్రం ఇస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ, సరుకు మధ్యస్థం కంటే మెరుగు, ధర కొండ రైతు అందుకోలేనంత తక్కువ. 2021, 22ల్లో హోల్‌సేల్ ధరలు కుప్పకూలినప్పుడు హంబోల్ట్‌లో చాలామంది తోటలు వదిలేశారు. వాళ్ళ ఊరి పేరును హైదరాబాదీ హలీమ్ జీఐ ట్యాగ్ లాగా కాపాడదామని 2020లో ఒక చట్టం వచ్చింది, నేలలోనే నాటాలి, గ్రీన్‌హౌస్ ఉండకూడదు, దీపాలు ఉండకూడదు అని. ఆలోచన బాగుంది, ఆలస్యంగా వచ్చింది.

కెనడా 200 చదరపు మీటర్ల లోపు పెంచేవాళ్ళకు మైక్రో లైసెన్సు ఇచ్చి, 2025లో ఆ హద్దును 800కు పెంచింది. ఈ మైక్రో వాళ్ళ సరుకుకు అక్కడ మంచి పేరే ఉంది. వాళ్ళలో చాలామంది పెంచి, ఆరబెట్టి, పెద్ద కంపెనీకే అమ్ముతారు, కంపెనీ తన ప్యాకెట్‌లో వేసి పంపుతుంది. ఎక్సైజు పన్ను గ్రాముకు ఒక డాలరో ధరలో పది శాతమో, ఏది ఎక్కువైతే అది. గ్రాము ధర పది డాలర్ల నుంచి మూడుకు పడినా ఆ డాలర్ మాత్రం కదలదు, కాబట్టి రెండు నెలలు సీసాలో మాగబెట్టే ఓపికకు వాడి దగ్గర డబ్బు మిగలదు. మిగిలి, ఓపిక పట్టి, అన్నీ సరిగ్గా చేసి పంపినా ఆ ప్యాకెట్ వెళ్ళి కూర్చునేది అదే సర్కారు గోదాములో, పెద్ద కంపెనీ డబ్బాల పక్కనే. ఐదో నెలలో ఎవరో కొని విప్పేసరికి రెండిటి వాసనా దాదాపు ఒకటే అయి ఉంటుంది.